ఇరవయ్యో తారీఖు ఫోన్ల నుంచి ఈమెయిల్ లిస్టు దాకా: ఒక గవర్నర్‌పేట కేస్ స్టడీ

నెలలో 19, 20 తారీఖుల్లో ఏదైనా జీఎస్టీ కన్సల్టెంట్ ఆఫీసుకు వెళ్లి ఓ గంట కూర్చుంటే చాలు, టెన్షన్ అంటే ఏంటో తెలుస్తుంది. 2025 ఫిబ్రవరిలో విజయవాడ గవర్నర్‌పేటలో నేను అలాగే కూర్చున్నాను. పాత బిల్డింగు, రెండో అంతస్తు. కుర్చీలు చాలక మెట్ల మీద కూడా గుమాస్తాలు కూర్చున్నారు. ఆటోనగర్ నుంచి వచ్చినాయన నెల బిల్లులన్నీ స్వీట్ షాపు కవర్లో కుక్కి తెచ్చాడు. ఆఫీసు నడిపే మేడం ఒక చెవికి ఫోను ఆనించుకుని, రెండో చేత్తో మౌస్ కదుపుతూ, ఫోన్ చేసిన ప్రతివాళ్లకీ ఇంచుమించు ఒకటే చెబుతున్నారు: "టూబీలో ఆ బిల్లు కనబడుతోందా? కనబడకపోతే ఈ నెల క్రెడిట్ తీసుకోకండి. ముందు సరుకు అమ్మినాయనకి ఫోన్ చేయండి." టూబీ అంటే మనకు అమ్మినవాళ్లు చూపించిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ తయారు చేసే పట్టిక. క్రెడిట్ అంటే కొన్నప్పుడు కట్టిన పన్నును మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం.

ఆ గంటలో ఈ మాట ఆవిడ పద్నాలుగు సార్లు చెప్పారు. నేను లెక్కపెట్టాను.

నా పని చిన్న వ్యాపారాలకు వీడియోలు తీయడం, ఎడిట్ చేయడం, ఆ వీడియోల వెనక మెయిళ్ల వ్యవహారం చూడటం. మేడం నన్ను పిలిచింది మొదట వీడియోల కోసమే. "ఇదే మాట వీడియోలో చెప్పి పడేస్తే నా గొంతు మిగులుతుంది కదా బాబూ" అన్నారు. ఇంకో ఆలోచన కూడా ఉంది. షాపుల్లో లెక్కలు రాసేవాళ్ల కోసం ఆదివారాలు ఫీజు తీసుకుని ఒక బ్యాచ్ నడపాలని ఆవిడకి ఎప్పట్నుంచో కోరిక. ఎవరికి చెప్పాలో తెలియక ఆగారు. ఈమెయిల్ లిస్టు అవసరం అక్కడ మొదలైంది.

జీఎస్టీ సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు, లేకపోతే మిగతాది అర్థం కాదు. నెలనెలా రిటర్న్ వేసేవాళ్లు తమ అమ్మకాల వివరాలను జీఎస్టీఆర్-1లో మరుసటి నెల 11లోపు ఇవ్వాలి. వాళ్లు ఇస్తేనే కొన్నవాళ్లకు 14న తయారయ్యే టూబీలో ఆ బిల్లు కనబడుతుంది. 20కల్లా త్రీబీ అనే నెల పన్ను రిటర్న్ వేసి పన్ను కట్టాలి. ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల లేటు ఫీజు, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. 2022 జనవరి నుంచి టూబీలోకి రాని బిల్లు మీద క్రెడిట్ తీసుకోవడానికి లేదు. అంటే గుమాస్తాకు అసలు పరీక్ష 14 నుంచి 20 దాకానే. షాపు కొనుగోళ్ల పుస్తకం ఒక పక్క, టూబీ ఒక పక్క పెట్టుకుని బిల్లు బిల్లూ మ్యాచ్ చేసుకోవాలి. మేడం వాళ్ల నాన్నగారు వన్‌టౌన్‌లో చిట్టా, ఆవర్జా రాసిన మనిషి. ఆయన రోజుల్లో ఎవరి పద్దు వాళ్లు సరిగా రాసుకుంటే సరిపోయేది. ఇప్పుడు అవతలివాడు తన పద్దు సమయానికి రాశాడో లేదో కూడా మనమే చూసుకోవాలి.

ఈమెయిల్ లిస్టు అనగానే ఆఫీసులో అందరూ నవ్వారు. "ఈ రోజుల్లో ఈమెయిల్ ఎవరు చూస్తారండీ, వాట్సాప్‌లో పెట్టేస్తే పోలా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. పోయినేడాది పచ్చళ్లు అమ్మే ఒకావిడ అడిగితే మెయిల్ లిస్టు వద్దని నేనే చెప్పాను. ఆవిడ కస్టమర్లు మెయిల్ తెరవరు. గుమాస్తాల సంగతి వేరు. పోర్టల్ ఓటీపీ మెయిల్‌కి కూడా వస్తుంది, సప్లయర్ల బిల్లులు పీడీఎఫ్‌లుగా మెయిల్‌కే వస్తాయి, బ్యాంకు స్టేట్‌మెంటూ అక్కడికే. పొద్దున షాపు తెరిచి కంప్యూటర్ ఆన్ చేస్తే మొదట తెరిచేది అదే. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ అంటే ఒక లిస్టుకు 256 మంది, అదీ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. గుమాస్తా షాపు మారితే నంబరు అతనితోనే పోతుంది, షాపు మెయిల్ షాపులోనే ఉంటుంది. (చాలా షాపులకు పోర్టల్‌లో రిజిస్టర్ అయిన మెయిల్ ఓనరుది కాదు, ఎప్పుడో మానేసిన పాత కన్సల్టెంటుది. ఓటీపీలన్నీ ఇంకా ఆయనకే వెళుతుంటాయి. అది వేరే కథ.)

ఇక మొదటి ప్రయత్నం. ఇది పూర్తిగా నా తప్పు, మేడంది కాదు. "జీఎస్టీ పూర్తి కోర్సు" అని పన్నెండు వీడియోల ప్లాన్ గీశాను. మొదటి వీడియో జీఎస్టీ అంటే ఏమిటి, 2017 జూలై 1న ఎందుకు వచ్చింది. రెండోది సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ, ఐజీఎస్టీ తేడా. బ్యాక్‌గ్రౌండ్‌లో మ్యూజిక్, ముందు తిరిగే లోగో. ప్రతి వీడియో చివర మేడం చేతులు కట్టుకుని "మరిన్ని అప్‌డేట్స్ కోసం మీ ఈమెయిల్ ఇవ్వండి" అన్నారు. ఆరు వారాల్లో అయిదు వీడియోలు పెట్టాం. వచ్చిన అడ్రసులు 23. అందులో నాలుగు మావే, ఫారం పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి మేం కొట్టినవి.

వ్యూస్ మరీ తీసిపారేసేలా లేవు. చూసినవాళ్లు కామర్స్ చదివే పిల్లలు, పరీక్ష కోసం చూసేవాళ్లు. అయిదో వీడియోలో టూబీ మ్యాచింగ్ ఉంది. దాన్ని ఎంతమంది చివరిదాకా చూశారని వెతికితే గ్రాఫు మొత్తం జారుడుబల్లలా ఉంది, ఏడో నిమిషం దగ్గర మాత్రం గూనిలా పైకి లేచింది. జనం వెనక్కి తిప్పి మళ్లీ చూసిన చోట అలా లేస్తుంది. ఎందుకో అర్థం కాలేదు. మేడం మాట తడబడిందేమో, వినపడలేదేమో అనుకున్నాను.

సమాధానం వన్‌టౌన్‌లో దొరికింది. వస్త్రలతలో ఒక బట్టల షాపు గుమాస్తా ఆ వీడియో చూస్తున్నాడని తెలిసి, మేడం చెప్పి పంపితే మధ్యాహ్నం వెళ్లి అతని పక్కన కూర్చున్నాను. కొట్టు వెనక, బట్టల మూటల మధ్య బల్ల. వీడియో ఏడో నిమిషంలో మేడం ఎక్సెల్ షీటు తెరిచారు. అతను టక్కున ఆపాడు. ఒక పాత బిల్లు తిరగేసి వెనక రాసుకోవడం మొదలుపెట్టాడు: పార్టీ పేరు, జీఎస్టీ నంబరు, బిల్లు నంబరు, తేదీ, పన్ను వేయాల్సిన విలువ, పన్ను, తేడా. రాసి, ప్లే నొక్కి, మళ్లీ ఆపి, పది సెకన్లు వెనక్కి వెళ్లి, స్క్రీన్ మీద ఫార్ములాకు ఫోనుతో ఫొటో తీశాడు. ఫొటోలో సగం ట్యూబ్‌లైటు వెలుగే పడింది. మళ్లీ తీశాడు. "ఇంత కష్టం ఎందుకు?" అంటే "ఆ షీటు ఏదో మేడం ఇచ్చేస్తే పోయేది సార్. నేను ఫార్ములా కొట్టిన ప్రతిసారీ తప్పు చూపిస్తోంది" అన్నాడు.

ఆ గూని అతనిది, అతనిలాంటివాళ్లది. మేం అప్‌డేట్స్ ఇస్తామంటున్నాం, వాళ్లకు కావాల్సింది షీటు. అదీ ఏడో నిమిషంలో కావాలి, పదహారో నిమిషంలో కాదు. పదహారో నిమిషం దాకా ఎవరున్నారు గనక.

మళ్లీ మొదలుపెట్టాం. పన్నెండు కొట్టేసి అయిదుకు తెచ్చాం. చరిత్ర లేదు, నిర్వచనాలు లేవు. నెల క్యాలెండరే సిలబస్. 11కి ముందు చూసేది ఒకటి, 14న చూసేది ఒకటి, మ్యాచ్ కాని బిల్లులతో ఏం చేయాలో ఒకటి, 20న త్రీబీ వేస్తూ పక్కన పెట్టుకుని చూసేది ఒకటి. అయిదోదాని సంగతి తర్వాత చెబుతాను. షూటింగ్ రోహిణి కార్తెలో, రెండు ఆదివారాలు. ఏసీ చప్పుడు మైకులో పడుతోందని ఆపాం, ఫ్యాను కూడా ఆపాం. రోళ్లు పగిలే ఎండలో ఆ గదిలో మేడం ఎలా మాట్లాడారో ఆవిడకే తెలియాలి. ప్రతి టేకుకూ మధ్య మజ్జిగ. లోగో తీసేశాను, మ్యూజిక్ తీసేశాను. ముందు రాసుకున్న స్క్రిప్టులో నేను "సరిపోల్చుకోవాలి" అని పెడితే మేడం చదివి పక్కన పడేశారు. "మ్యాచ్ చేసుకోవాలి అంటేనే వాళ్లకి ఎక్కుతుంది బాబూ. నేను ఆఫీసులో ఎలా చెబుతానో అలాగే చెబుతా" అన్నారు. ఆవిడ మాటే నిజమైంది.

రెండో వీడియో గురించి కాస్త వివరంగా చెప్పాలి, లిస్టులో ఎక్కువ భాగం దాని నుంచే వచ్చింది. ఒక ఊహా స్పేర్ పార్టుల షాపు పెట్టి, ఇరవై బిల్లులు తయారు చేశాం. అందులో మూడు మ్యాచ్ కావు. ఒకదాంట్లో సప్లయర్ బిల్లు నంబరులో ఒక అంకె తప్పు కొట్టాడు. ఇంకోదాంట్లో సప్లయర్ 11 దాటాక రిటర్న్ వేశాడు కాబట్టి ఆ బిల్లు వచ్చే నెల టూబీలో వస్తుంది. మూడోది మరొకరి జీఎస్టీ నంబరు మీద పడింది. ఆఫీసులో ఫోన్లన్నీ ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాయి. మేడం షీటులో రెండు వైపులా అతికించగానే పదిహేడు వరుసలు పచ్చగా, మూడు ఎర్రగా మారాయి. సరిగ్గా అక్కడ, ఎర్ర వరుసలు తెర మీద ఉండగానే, ఆవిడ కెమెరా వైపు తిరిగి అన్నారు: "ఈ షీటు కావాలా? కింద లింకు ఉంది, మెయిల్ ఇవ్వండి, పంపిస్తా. ప్రతి నెలా 14 సాయంత్రం ఒక మెయిల్ కూడా వస్తుంది, ఆ నెల ఏం చూసుకోవాలో. అంతకుమించి ఏమీ పంపను." మళ్లీ షీటులోకి వెళ్లిపోయారు. చివర్లో మళ్లీ అడగలేదు. అడిగించాలని నేను పట్టుబట్టాను, మేడం ఒప్పుకోలేదు. "ఒకసారి చెప్పాంగా, బిచ్చమా ఏంటి?" అన్నారు.

లింకు ఎక్కడ పెట్టాలన్నది చిన్న విషయంలా కనబడుతుంది, కాదు. ఫోన్లో డిస్క్రిప్షన్ మొదటి ముక్కే కనబడుతుంది, మిగతాది నొక్కితేగానీ రాదు. కాబట్టి మొదటి లైనే లింకు, పక్కన "టూబీ మ్యాచింగ్ షీటు" అన్న మూడు మాటలు. అదే లింకు కామెంట్లలో పైన పిన్ చేశాం. వీడియో చివరి తెర మీద బయటి సైట్ లింకు పెట్టాలంటే ఛానల్ యూట్యూబ్ పార్ట్‌నర్ ప్రోగ్రామ్‌లో ఉండాలి, మాది లేదు. షార్ట్స్ కూడా కోశాం. 2023 ఆగస్టు నెలాఖరు నుంచి షార్ట్స్ డిస్క్రిప్షన్‌లో, కామెంట్లలో పెట్టిన లింకులు నొక్కినా తెరుచుకోవు. అందుకని షార్ట్‌ను అసలు వీడియోకు ముడిపెట్టాం, లింకు అక్కడ ఉంటుంది. షార్ట్స్ వల్ల వ్యూస్ వచ్చాయి గానీ మెయిళ్లు పెద్దగా రాలేదు. మళ్లీ చేస్తే ఆ శ్రమ పడను.

ఫారంలో మొదట పేరు, మెయిల్, ఫోన్, ఊరు అడిగాం. ఫోన్ గడి తీసేసిన వారం నుంచే తేడా కనబడింది. ఫోన్ నంబరు ఇస్తే లోన్ కావాలా అని ఎవరో ఒకరు మీద పడతారన్న భయం అందరికీ ఉంది. చివరికి రెండే మిగిల్చాం: మెయిల్, ఏ వ్యాపారం. రెండోది తప్పనిసరి కాదు, అయినా చాలామంది నింపారు. దాని వల్ల ఒక సంగతి బయటపడింది. "ఇంట్లోనుంచి మూడు షాపుల లెక్కలు చూస్తాను" అని రాసినవాళ్లు, ఎక్కువగా ఆడవాళ్లు, గుంటూరు, తెనాలి, మంగళగిరి నుంచి వరసగా వచ్చారు. మేం గుమాస్తాల కోసం తీశాం. ఇలా ఒక వర్గం ఉందని మేడంకి కూడా తెలియదు. ఆదివారం బ్యాచ్‌ని తర్వాత ఆన్‌లైన్‌కి మార్చింది వీళ్ల కోసమే.

మెయిళ్ల వైపు మా అవస్థలు ఇన్నీ అన్నీ కావు. మొదటి వారం షీటును మెయిల్‌కి జతచేసి పంపాం, కొందరి ఆఫీసు మెయిళ్లు దాన్ని లోపలికే రానివ్వలేదు. సరే అని గూగుల్ షీటు లింకు ఇచ్చాం. ఒక్క రోజులో "ఎడిట్ చేయడానికి అనుమతి ఇవ్వండి" అని మేడం ఇన్‌బాక్స్ నిండిపోయింది. చూడటానికి మాత్రమే తెరిచిన షీటులో అంకెలు కొట్టడానికి ప్రయత్నిస్తే వచ్చే రిక్వెస్టులవి. మేడం పాపం పదిమందికి అనుమతి ఇచ్చేశారు కూడా. ఇంకేముంది, ఒకళ్ల షాపు బిల్లులు ఇంకొకళ్లకు కనబడుతున్నాయి. పరుగున వెళ్లి మూసేశాను. పరిష్కారం చాలా చిన్నది. లింకు చివర "ఎడిట్" అని ఉన్నచోట "కాపీ" అని మారిస్తే, నొక్కినవాళ్లకు ఎవరి కాపీ వాళ్లకు తయారవుతుంది. నెట్ లేకుండా వాడేవాళ్ల కోసం ఎక్సెల్ డౌన్‌లోడ్ లింకు కింద పెట్టాం.

ఇంకోటి స్పామ్. మొదట మేడం మామూలు జీమెయిల్ అడ్రసు పేరుతోనే మెయిలింగ్ సర్వీసు ద్వారా పంపాను. బద్ధకం, అంతే. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ రెండూ ఎక్కువమందికి పంపేవాళ్ల మీద నిబంధనలు గట్టి చేశాయి. సొంత డొమైన్, దానికి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ సెట్టింగులు (మెయిల్ నిజంగా మన దగ్గర నుంచే వచ్చిందని రుజువు చేసేవి) లేకపోతే ఇన్‌బాక్స్ మీద ఆశ వదులుకోవాల్సిందే. డొమైన్ కొని, అవన్నీ పెట్టి, రోజుకు కొద్దిమందికి చొప్పున పంపుతూ పెంచాం. అడ్రసు కొట్టడంలో తప్పులు కూడా బోలెడు, డాట్ కామ్ బదులు డాట్ కాన్ కొట్టేవాళ్లే ఎక్కువ. అందుకని కన్ఫర్మ్ చేస్తేనే లిస్టులో చేరేలా పెట్టాను. కొంతమంది అక్కడే జారిపోయారు, పోనీ అనుకున్నాం. ఇంకో చిక్కు తెలుగుది. జీమెయిల్ 102 కేబీ దాటిన మెయిల్‌ను మధ్యలో కత్తిరించి "మిగతాది చూడండి" అంటుంది. తెలుగులో ఒక్కో యూనికోడ్ గుర్తుకు మూడు బైట్లు, ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్క. నేను వాడిన డిజైన్ టెంప్లేటు అప్పటికే సగం తినేసింది. డిజైన్ తీసి మామూలు ఉత్తరంలా రాశాక సమస్య పోయింది, జవాబులు రావడం కూడా అప్పటి నుంచే పెరిగింది. మేడం రాసినట్టే ఉంది కాబట్టి మేడంకి తిరిగి రాశారు.

ఇక అయిదో వీడియో. నోటీసు వస్తే ఏం చేయాలి అన్నది విషయం. దాన్ని ఛానల్లో పెట్టలేదు, అన్‌లిస్టెడ్‌గా, అంటే లింకు ఉన్నవాళ్లకే కనబడేలా ఉంచి, లిస్టులో ఉన్నవాళ్లకే మెయిల్లో పంపాం. మిగతా నాలుగూ చూసి, షీటు తీసుకుని, రెండు నెలలు 14వ తారీఖు మెయిల్ అందుకున్నవాళ్లు చూసే వీడియో ఇది. దాని కింద ఆదివారం బ్యాచ్ గురించి మూడు లైన్లు. ఆగస్టు చివరికి కన్ఫర్మ్ అయిన అడ్రసులు 640కి కాస్త అటూ ఇటూ. మొదటి బ్యాచ్‌లో 31 మంది చేరారు. ఎంతమంది మెయిల్ తెరిచారన్న లెక్క నేను చెప్పను. 2021లో ఆపిల్ మెయిల్ ప్రైవసీ మార్పు వచ్చాక, మనిషి చూడకపోయినా చూసినట్టు నమోదవుతోంది. షీటు డౌన్‌లోడ్లు, తిరిగొచ్చిన జవాబులు, ఇవి రెండే చూసుకున్నాం.

లిస్టు దేనికి పనికొస్తుందో నాకు నిజంగా అర్థమైంది మాత్రం సెప్టెంబరులో. 3వ తేదీ రాత్రి జీఎస్టీ కౌన్సిల్ రేట్ల మార్పు ప్రకటించింది, 22 నుంచి అమలు. 12, 28 శాతాల్లో ఉన్న సరుకుల్లో చాలావరకు 5, 18లోకి వచ్చేశాయి. ఆటో విడిభాగాలు 28 నుంచి 18కి దిగాయి. మా రెండో వీడియో నిండా స్పేర్ పార్టులే, ప్రతి బిల్లులోనూ 28 శాతమే. యూట్యూబ్‌లో ముక్క కత్తిరించవచ్చు గానీ అదే లింకు మీద కొత్త వీడియో ఎక్కించడానికి లేదు. తీసేస్తే లింకులన్నీ పోతాయి, ఉంచితే తప్పు రేటు. డిస్క్రిప్షన్‌లో, పిన్ చేసిన కామెంట్లో హెచ్చరిక పెట్టాం, కానీ జూన్‌లోనే చూసేసి వెళ్లినవాళ్లు మళ్లీ వచ్చి కామెంటు చదువుతారా?

వాళ్ల అడ్రసులు మా దగ్గరున్నాయి. "14 సాయంత్రం తప్ప ఏమీ పంపను" అన్న మాట దాటాలా అని మేడం ఒక రోజంతా ఆలోచించారు. చివరికి పంపారు, మొదటి లైన్లోనే "మాట తప్పుతున్నా, రేటు మారింది కాబట్టి" అని రాసి. సగం పేజీ. 22 నుంచి వేసే బిల్లులకు ఏ రేటు, షీటులో ఏ గడి మార్చాలి. అంతే. జవాబుల్లో ఎక్కువమంది అడిగింది ఒకటే: 28 శాతం కట్టి కొన్న పాత స్టాకు 18తో అమ్మితే ఆ క్రెడిట్ గతి ఏంటి? లెడ్జర్‌లో ఉన్న క్రెడిట్ ఎక్కడికీ పోదు, పన్ను కట్టడానికి వాడుకోవచ్చు. దసరా నవరాత్రులు మొదలైంది కూడా ఆ 22నే. దుర్గమ్మ కొండ చుట్టూ ట్రాఫిక్ మళ్లించారు, వన్‌టౌన్ నుంచి గవర్నర్‌పేట రావడానికే గుమాస్తాలు గింజుకునే రోజులు. ఆ వారం ఆఫీసు మెట్ల మీద మనుషులు తగ్గారు. అందులో మెయిల్ పుణ్యం ఎంతో, ట్రాఫిక్ పుణ్యం ఎంతో నేను విడదీయలేను.

ఆటోనగర్ నుంచి మాత్రం ఒక ఓనరు ఫోన్ చేసి తిట్టాడు. తన గుమాస్తాకు వచ్చిన మెయిల్ తనకెందుకు రాలేదని. ఓనర్లు ఈ వీడియోలు చూడరు, లిస్టులో లేరు. వాళ్ల కోసం ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేదు. నేను రెండు నిమిషాల ఆడియో అంటున్నాను, మేడం ఒక పేజీ కాగితం అంటున్నారు.

అక్టోబరులో 20వ తారీఖు దీపావళి రోజునే పడింది. త్రీబీ గడువును 25కి పెంచినట్టు నోటిఫికేషన్ పండగ ముందు వారాంతంలో బయటికొచ్చింది. మేడం ఇంట్లో అరిసెల పాకం పొయ్యి మీద పెట్టి, ఫోన్లోనే రెండు లైన్లు రాసి నాకు పంపారు, లిస్టుకు కొట్టమని. పంపిన పావుగంటలో వస్త్రలత గుమాస్తా దగ్గర నుంచి జవాబు: "బతికించారు మేడం. షాపు కట్టేసి టపాకాయల కోసం పోతున్నా."